ఎడమ అద్దం

చండూరు బస్టాండు ఎనక
లాగులు, అంగీలు కుట్టెటోణ్ణి.
నేను కారు కొంటానంటే ముందుగాల నవ్విన్రు.
నవ్వుడయినంక తలా ఒక ముచ్చట జెప్పిన్రు.

మైలేజీ జూడు, కడమదంత రంగేనన్నడు సైదులు.
ఇరవై ఏండ్ల సంది ఆటో నడుపుతున్నడు,
ఆయన లెక్కల దేవుడైనా
లీటరుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పాలె.
డిక్కీ పెద్దగుంటే రెండు బస్తాల బత్తాయి వడుతదన్నడు
తోట రాజిరెడ్డి. తోట నాది కాదు, ఆయనదే.
మా పిల్ల భార్గవికి పాటలు గట్టిగ రావాలె.
మా ఇంటామె ఒక్కతే పనికొచ్చే మాట అన్నది:
"తెల్లది తేకు,
మన దుబ్బకు రెండొద్దులల్ల ఎర్రగైతది."

నాకేం గావాల్నో నేనెవ్వరికీ చెప్పలే.
జేబుల టేపు వెట్టుకొని
నల్లగొండల పాత కార్లమ్మే జాగకు వోయిన.
ఒక్కో కారు తలుపు తీసుడు,
నేల నుంచి సీటు దాక కొలుసుడు.
పదిహేడు. పంతొమ్మిది. పద్దెనిమిదిన్నర.
అమ్మే పిలగాడు ఇంజను చూపెడతనంటడు,
నేను వంగి గడప చూస్తున్న.
"కాకా, కారుకు లాగు కుట్టిస్తవా ఏంది?"

నవ్వనీ.
మా జంగమ్మక్క మోకాళ్ళు వంగవు.
మర్రిగూడ దిక్కు ఒక్క బోరు నీళ్ళే
ఇద్దరం తాగి పెరిగినం.
నన్ను పండ్ల మీద మరకలతోని ఇడిచిపెట్టినయి,
ఆమెను ఎముక ఎముకకు వట్టుకున్నయి.
ఇప్పుడు నల్లాల వేరే నీళ్ళొస్తున్నయి.
కొత్త నీళ్ళకు పాత ఎముకల ఊసు తెల్వది.

ఆమె జాకెట్లు నేనే కుడత.
చేతులు పైకి లేవవని
హుక్కులు భుజం మీదికి తెచ్చిన.
ఆటో ఎక్కాలంటే ఇద్దరు వట్టి
పక్కకు ఒరిగించి లోపలికి నూకాలె.
"బీరువ లెక్క ఎక్కిస్తున్రు గదరా నన్ను"
అని, మేం ఏడ్వకముందే
ఆమెనే నవ్వుతది.

నెలంత తిరిగితే దొరికింది,
ఇరవై నాలుగు అంగుళాలు.
ముసలి వ్యాను, ఏసీ లేదు,
తలుపు గట్టిగేస్తే అద్దం సగం దిగుతది.
తెల్లదే.

అక్కను తెచ్చి చూపెట్టిన.
నిలవడ్డది నిలవడ్డట్టే ఎనకకు ఆనుకొని
ముందు సీట్ల కూసున్నది.
ఎవ్వరూ వట్టలే.
నేను ఆమె మొఖం దిక్కు చూస్తున్న,
ఎత్తు మంచిగ కుదిరిందంటదేమోనని.
ఎత్తు మాటే ఎత్తలే.

"తమ్మీ, ఎనక బాట కనవడుతున్నది" అన్నది.

ఎడమదిక్కు అద్దం.

పన్నెండేండ్లాయె ఆమె మెడ తిరగక.
ఎవలన్న ఎనక నుంచి పిలిస్తే
మనిషంత తిరగాలె, చిన్నగ, నాలుగు అడుగులల్ల.
తిరిగేవరకు పిలిచినోళ్ళు ఉండకపోదురు.
మెడ తిరగకపోవుడుకు టేపు మీద అంకె లేదు.
ఊరందరి మెడలు కొలిచినోణ్ణి,
అది కొలవలే నేను.

"జర నా దిక్కు తిప్పరాదు."
తిప్పిన.

ఇగ మునుగోడు తొవ్వల పోతుంటే
నాకు ఎడమపక్క ఏమొస్తున్నదో తెల్వది.
అద్దం డ్రైవరుదిరా పిచ్చోడా అని సైదులు తిడుతడు.
మైలేజీ అడిగితే పద్నాలుగు అంట,
ఇచ్చేది పదకొండు.
పాటలు రావు, భార్గవి మొఖం మాడ్చుకుంటది.
దుబ్బ సంగతి మా ఇంటామెనే గెలిచింది.

"ఆగు, లారీ" అంటది అక్క.
"ఆఁ, పోనియ్యి."
"బర్రెలున్నయ్, జర చిన్నగ."

ఒక్కోపారి ఏమనక ఊకుంటది.
నేను బ్రేకు మీద కాలు వెడత.
ఏమొస్తుందే అక్కా?

"ఏం రాలే.
పత్తి చేను మీంచెల్లి ఎండ పోతున్నది.
నువ్ నడుపు, నేను చూస్తున్న."